రాగి రంగు గంగాళం, పతంగి ఎరుపు

పోయినవి ముందు లెక్క చెబుతాను. ఇరవై నాలుగు మీటర్ల నూలు గుడ్డ, కరక్కాయ నీళ్లలోనూ పాలలోనూ నానబెట్టి, ఆరబెట్టి, పటిక పట్టించి సిద్ధం చేసినది. పదకొండు కిలోల పతంగి చెక్క పొట్టు. రెండు వందల లీటర్ల కొన్న నీళ్లు. మా మరిది ఏసురత్నం కళ్లజోడు. నా ఎడమ కాలి చెప్పు. ఇవన్నీ ఫిల్మ్‌నగర్‌లో ఒకే ఒక్క పగట్లో పోయాయి.

గుడ్డ మళ్లీ నేయించుకోవచ్చు. నీళ్లు కొనుక్కోవచ్చు. కళ్లజోడు పోయినందుకు మా మరిది పెద్దగా బాధపడలేదు, అది పెట్టుకుంటే తన పెళ్లాం, అదే మా తోడికోడలి ముఖం మరీ స్పష్టంగా కనిపిస్తోందని అంతకు ముందు నుంచే గొణుగుతున్నాడు. చెక్క సంగతి అలా కాదు. పదకొండు కిలోల పొట్టు అంటే ఒకటిన్నర చెట్టు.

మాది పెడన. గుడ్డల అద్దకం పని. నేను బడికి వెళ్లింది అయిదో తరగతి దాకా, ఆ పైన లెక్కలు నాకు తక్కెడ నేర్పింది. ఎంత గుడ్డకు ఎంత చెక్క, ఎంత చెక్కకు ఎన్ని నీళ్లు, ఎన్ని నీళ్లకు ఎంత పటిక అన్నది మా షెడ్డులో నా మాట. మామూలుగా మా ఎరుపు చిరివేరుతో వస్తుంది. అది నిదానం రంగు, గంటలకొద్దీ మంట మీద ఉండాలి. పతంగి చెక్క ఎరుపు వేరు. కొందరు దీన్ని బకం చెక్క అంటారు. ముళ్ల చెట్టు, పసుపు పూలు, కంచెకు వేస్తారు. నరికినప్పుడు లోపలి చేవ నారింజ రంగులో ఉంటుంది, గాలి తగిలేకొద్దీ ఎర్రబడుతుంది. పటిక పట్టిన గుడ్డను దాని కషాయంలో ముంచితే మనం చూస్తుండగానే ఎరుపు ఎక్కుతుంది.

ఆ 'చూస్తుండగానే' కోసమే సినిమా వాళ్లు మా ఇంటికి వచ్చారు. ప్రసూన అని, బట్టల విభాగంలో పనిచేసే అమ్మాయి, విజయవాడ పిల్ల. పాతకాలం కథ తీస్తున్నారట. అద్దకం ఇంటి ఆడపిల్ల తెల్ల గుడ్డను గంగాళంలో ముంచి, ఎర్రగా పైకి ఎత్తాలి. "డైరెక్టర్ గారికి రియల్‌గా కావాలి ఆంటీ. మీరు కాదంటే రంగు కంప్యూటర్‌లో వేసేస్తారు," అంది.

కంప్యూటర్‌లో వేస్తారన్న మాట నాకు గుచ్చుకుంది. మా షెడ్డు వెనక కంచెలో మా మామగారు నాటిన పతంగి చెట్లు ముదురువి మూడే మిగిలాయి. మూడూ కొట్టించాం. ఇరవై రెండు కిలోల పొట్టు వచ్చింది. మామగారు పెట్టిపోయిన నియమం ఒకటుంది. ఒక చెట్టు కొడితే ఏడు మొక్కలు పెంచాలి. మోకాలెత్తు దాటితే గానీ మొక్క లెక్కలోకి రాదు. ఆ మోకాలు ఆయనదే, షెడ్డు గుంజ మీద గీత గీసి మరీ పోయారు. మూడు చెట్లకు ఇరవై ఒక్క మొక్కల బాకీ నెత్తి మీద పెట్టుకుని నేనూ ఏసురత్నమూ హైదరాబాద్ బండెక్కాం. ఎరుపు రాకపోతే ఆ మూడు చెట్లూ పొయ్యిలో పెట్టినట్టే.

జూబ్లీ హిల్స్, గేటు దగ్గర

ప్రసూన వాళ్ల ఆఫీసు జూబ్లీ హిల్స్‌లో ఒక పెద్ద ఇంట్లో. మా పెడనలో వీధిలో నడిస్తే ప్రతి అరుగు మీదా ఎవరో ఒకరు పలకరిస్తారు. ఇక్కడ ఇంటివాళ్లు ఒక్కరూ కనబడలేదు. కనబడినవాళ్లంతా డ్రైవర్లు, కాపలావాళ్లు, కుక్కల్ని నడిపించేవాళ్లు. కుక్కలు మాత్రం నన్ను బాగానే పలకరించాయి.

గేటు దగ్గర కాపలాదారు గోతాం మూతి విప్పి చూశాడు. ముఖం మారిపోయింది.

"ఏంటమ్మా ఇది? ఎర్రచందనమా?"

"అవునండీ," అన్నాడు ఏసురత్నం నేను నోరు తెరిచేలోపే. "దీంతోపాటు మా వదినని కూడా పట్టించండి. దారి పొడుగునా నన్ను లెక్కలు అడిగి చంపింది."

అక్కడ కుర్చీల్లో కూర్చున్న డ్రైవర్లు లేచి వచ్చారు. వాళ్లలో పొట్టిగా, గట్టిగా ఉన్న ఒకతను ఇంకా దగ్గరికి వచ్చి గోతాంలోకి తొంగి చూసి, "గీ బస్తా నా బండ్లనేనా ఎక్కించేది? నన్ను జైలుకు తోలుదామనా అక్కా?" అన్నాడు. అతని పేరు మల్లేశ్. మాకు ఏర్పాటు చేసిన కారు అతనిదే.

నేను కాపలాదారు చేతిలో ఉన్న నీళ్ల సీసా అడిగి తీసుకుని, చిటికెడు పొట్టు వేసి, మూత పెట్టి ఇచ్చేశాను. ఎర్రచందనం నీళ్లలో రంగు వదలదు, దానికి సారాయి లాంటిది కావాలి. పతంగి వదులుతుంది. ఊరికే ఊపుతూ ఉండమన్నాను. ఊపాడు. ముందు లేత పసుపు, తర్వాత నారింజ, తర్వాత దానిమ్మ గింజ రంగు. డ్రైవర్లందరూ ఆ సీసాను చేతులు మార్చుకుంటూ ఎండకు పెట్టి చూశారు. కేరళలో ఈ నీళ్లు కాచుకుని తాగుతారని చెబితే, కాపలాదారు మూత విప్పి వాసన చూసి, "ముందు నువ్వు తాగు," అని మల్లేశ్‌కు ఇచ్చాడు.

మల్లేశ్ తాగేశాడు. "ఏం లేదు, కట్టె వాసన," అన్నాడు. ఆ తర్వాత మా గోతాలు అతనే మోశాడు.

శ్రీనగర్ కాలనీ

బస శ్రీనగర్ కాలనీలో. పొద్దున్నే వీధి చివర బండి దగ్గర నాలుగు ఇడ్లీలకు ఇచ్చిన డబ్బుతో మా ఊళ్లో ఇద్దరం దోసెలు కూడా తినేవాళ్లం. చట్నీలో మాత్రం వంక లేదు. బండి ఆయన మాటను బట్టి మాది కృష్ణా జిల్లా అని పట్టేసి, అడక్కుండానే కారప్పొడి వేసి, "నెయ్యి కావాలా అండీ?" అన్నాడు. ఆయనది గుడివాడ.

అక్కడే నేను నీళ్ల సంగతి తేల్చుకున్నాను. బసలో బోరు నీళ్లతో ముఖం కడిగితే సబ్బు నురగ రాలేదు. సబ్బు నురగ రాని నీళ్లలో రంగు కూడా సరిగా రాదు. ప్రసూనకు ఫోన్ చేసి ఇరవై లీటర్ల తాగునీటి క్యాన్లు ఇరవై తెప్పించమన్నాను.

"ఇరవయ్యా? పది చాలన్నారు కదా ఆంటీ?"

"పది గంగాళానికి. పది నా భయానికి."

మా షెడ్డులో దీన్ని చూసి నవ్వుతారు. ఏది కట్టినా రెండేసి కడతానని. ఆ ప్రయాణానికి కూడా గుడ్డ ఇరవై నాలుగు మీటర్లు అడిగితే సిద్ధం చేసినది నలభై ఎనిమిది. చెక్క కూడా రెండు గోతాలు, పదకొండూ పదకొండూ.

మర్నాడు చీకటితోనే సెట్టుకు బయల్దేరాం. దారిలో ప్రసూన ఫోన్‌లో ఏదో చదివి, "ఆంటీ, బ్రెజిల్ దేశానికి ఆ పేరు ఇలాంటి ఎర్ర చెక్క వల్లే వచ్చిందంట తెలుసా! ముందు మన వైపు నుంచి వెళ్లే చెక్కకు ఆ పేరుండేదంట. తర్వాత అక్కడ అలాంటి చెట్లే కనబడితే ఆ చెట్టుకీ అదే పేరు, దేశానికీ అదే పేరు," అంది.

మామగారు చెప్పేవారు, వెనకటికి ఈ చెక్క బందరు రేవులో ఓడలెక్కేదని. మాకెప్పుడూ అది తాతల కబురుగానే ఉండేది. ఒక దేశం పేరు దాకా వెళ్లిందంటే నా వెన్ను దానంతటదే నిటారైంది.

"అయితే వాళ్ల ఫుట్‌బాల్‌లో కూడా మనకు వాటా రావాలి," అన్నాడు ఏసురత్నం.

ఫిల్మ్‌నగర్

సెట్టు గుట్ట మీద వేశారు. ఎక్కుతుంటే రాయి తగిలి నా ఎడమ చెప్పు తెగి దొర్లుకుంటూ కిందికి పోయింది. దాన్ని వెతకడానికి వెళ్లిన కుర్రాడు ఏదో జానపద సినిమాకు వాడిన పావుకోడు ఒకటి తెచ్చి ఇచ్చాడు. ఆ రోజంతా ఒక కాలికి నా చెప్పు, ఒక కాలికి ఎవరో మహర్షి పావుకోడు.

పైకి వెళ్లి చూస్తే మా పెడన కంటే పాత పెడన. రాతి స్తంభాలు, పెంకుటిళ్లు, అద్దకం బల్లలు. స్తంభం మీద చెయ్యి వేస్తే చెయ్యి ఊరుకోక తట్టాను. బోలుగా మోగింది. ఇత్తడి దీపం ఎత్తితే దూదిలా లేచింది. నడుమ గంగాళం ఉంది. నడుము ఎత్తు, నలుగురు చేతులు చాస్తే గానీ చుట్టుకొలత అందదు. అంచుల దగ్గర చిలుము పచ్చగా, ఒంటి నిండా సుత్తి దెబ్బల సొట్టలు, లోపల తెల్లగా కలాయి. గోటితో మీటాను. అడుగున ఇసుక బస్తాల మీద దిగేసి ఉంది కాబట్టి మోత రాలేదు. రాగిని కలాయితో సహా చూస్తే నాకు ప్రాణం లేచొచ్చింది, మా ఇంట్లో ఉన్నది దీనిలో సగం లేదు.

రాత్రే బసలో నానేసిన పొట్టును తెల్లారకముందే క్యాంటీన్ వాళ్ల అల్యూమినియం గిన్నెల్లో మూడు విడతలుగా కాచాం. కషాయం కుంకుమ పువ్వులా మొదలై మందారంలా ముదిరింది. పని మొదలుపెట్టే ముందు మేం చిన్న ప్రార్థన చేసుకుంటాం. అక్కడ లైట్ల వాళ్లు అదే సమయానికి కెమెరాకు కొబ్బరికాయ కొట్టారు. మేం కళ్లు తెరిచేసరికి ఎవరో కొబ్బరి ముక్కలు చేతిలో పెట్టారు. తొమ్మిదింటికి, "షాట్ రెడీ, పోసేయండమ్మా," అన్నారు. కషాయం గంగాళంలో పోశాం.

షాట్ రెడీ కాలేదు. కథానాయిక జడ సరిగా లేదన్నారు. జడ కుదిరితే మబ్బు పట్టింది. మబ్బు పోతే పైన విమానం. సినిమా వాళ్లు ఎదురు చూడటంలో ఎంత నేర్పరులో నేను ఊహించలేదు. కుర్చీలో కూర్చుని, టీ తాగుతూ, ఎవరి మీదా విసుక్కోకుండా. మా షెడ్డులో మంట ఎవరి కోసమూ ఆగదు, మనుషులే మంట వెనక పరుగెత్తాలి. మధ్యలో భోజనాలు. పప్పు, గోంగూర, రెండు రకాల మాంసం, చేప. ఏ బల్ల మీద ఎవరు తినాలో అక్కడ నియమం ఉంది. మేం ఏ బల్లకు చెందుతామో ఎవరికీ తెలియక, ఒకరు ఆ బల్లకీ ఒకరు ఈ బల్లకీ పిలిస్తే, ఏసురత్నం మొహమాటపడకుండా రెండు చోట్లా తిన్నాడు.

రెండు దాటాక అన్నీ కుదిరాయి. మా మరిది గంగాళం మీదికి వంగి ఒక్కసారి కలియబెట్టాడు. కళ్లజోడు జారి లోపల పడింది. తీసే టైము లేదు. అంతా నిశ్శబ్దం. ఆ అమ్మాయి తెల్ల గుడ్డను ముంచింది, నేను చెప్పినట్టే మెల్లగా తిప్పింది, రెండు చేతులతో పైకి ఎత్తింది.

నేరేడు పండు రంగు.

గీకి చూస్తే

గుడ్డ నుంచి కారుతున్న నీళ్లు కూడా నల్లగానే ఉన్నాయి. దర్శకుడు పాపం మంచివాడు, అరవలేదు. అరిస్తే బాగుండేది. "సరే, కంప్యూటర్‌లో చూసుకుందాం," అని లేచాడు. ప్రసూన ముఖం పక్కకు తిప్పుకుంది. ఆర్నెల్లుగా ఆ ఒక్క షాటు కోసం పైవాళ్లతో వాదించింది ఆ పిల్ల.

"ఇనుము తగిలింది వదినా," అన్నాడు ఏసురత్నం.

అది నాకూ తెలుసు. మేం నలుపు చేసుకునేదే అలా. బెల్లం నీళ్లలో పాత ఇనుప ముక్కలు మురగబెడతాం. కరక్కాయ పట్టిన గుడ్డకు ఆ నీళ్లు తగిలితే నలుపు. కాబట్టి ఏం జరిగిందన్నది ప్రశ్న కాదు, ఎక్కడి నుంచి వచ్చిందన్నదే. క్యాంటీన్ గిన్నెలో అడుగున మిగిలిన కషాయం చూశాను. మందారం. అంటే చెక్క మంచిదే, నీళ్లు మంచివే, గిన్నె మంచిదే. ఇక మిగిలింది గంగాళం. చెయ్యి లోపలికి పెట్టి కలాయిని గోటితో గీకాను. కలాయి పొరలా లేచి గోటికి అంటుకుంది. కింద నల్లగా, తుప్పు.

"ఎవరమ్మా అది, నా రాగిని గీకేది?"

వెనక్కి తిరిగితే అరవై దాటిన మనిషి, చొక్కా నిండా రంగులు. నాగభూషణం గారు. సెట్టు రంగులన్నీ ఆయన చేతివే.

"ఇది రాగి కాదు గదండీ!" అన్నాను.

"కాకపోవడమే గదమ్మా నా పని!" అన్నాడాయన. "ఇనప రేకు. పైన నాలుగు పూతలు. చిలుము చూశారా? ఆ చిలుముకే రెండ్రోజులు పట్టింది. లోపల తగరం పూత లేకపోతే ఎవరూ నమ్మరని వెండి రంగు కూడా వేశాను. అద్దకం వాళ్లకే అనుమానం రాలేదంటే..." ఆయన కళ్లు సంతోషంతో మెరుస్తున్నాయి. అప్పుడు గుడ్డ కనబడింది. మెరుపు ఆగిపోయింది. "నాకు రంగు నీళ్లు పోస్తారనే చెప్పారమ్మా," అన్నాడు మెల్లగా.

నాకు ఆయన మీద కోపం రాలేదు. అంత బాగా చేసినవాడి మీద ఎలా వస్తుంది? రాగిలా ఉండాలన్నారు, రాగిలా చేశాడు. ఎరుపు కావాలన్నారు, ఎరుపు తెచ్చాం. మా ఇద్దరినీ ఒకచోట కూర్చోబెట్టి మాట్లాడించాలని ఆ గుట్ట మీద ఎవరికీ తోచలేదు.

నేను పావుకోడు టకటకలాడించుకుంటూ వెళ్లి దర్శకుడి ముందు నిలబడ్డాను. "ఇంకో ఇరవై నాలుగు మీటర్లు, ఇంకో పదకొండు కిలోలు ఉన్నాయండీ. రేపు పొద్దున తీస్తారా?"

ఆయన గడియారం చూసుకున్నాడు. "సెట్టు రేపు మధ్యాహ్నం విప్పేస్తారమ్మా. పది లోపు అయితే తీస్తా. ఈసారి రాకపోతే మాత్రం..."

"ఈసారి రాకపోతే మా దగ్గర చెట్లు కూడా లేవండీ," అన్నాను.

నాగభూషణం గారు క్యాంటీన్ గిన్నెకు బయట రాగి రంగు వేస్తానన్నాడు. అది చిన్నది, గుడ్డ అందులో విప్పారదు, ముడతల్లో మరకలు పడతాయి. వెడల్పాటి పాత్ర కావాలి, నిజం రాగిది కావాలి, తెల్లారేలోగా కావాలి. అప్పటిదాకా కారుకు ఆనుకుని వింటున్న మల్లేశ్ అన్నాడు. "గింత ఫికర్ ఏంది అక్కా? టోలిచౌకి పోదాం పా. బిర్యానీ డేగ్‌లు కిరాయికి ఇస్తరు."

టోలిచౌకి

ఖాదర్ భాయ్ దుకాణం ఒక ఇరుకు సందులో. పెళ్లిళ్లకు వండే రాగి డేగ్‌లు బోర్లించి ఉంటాయట మామూలుగా. ఆ సాయంత్రం ఒక్కటే ఉంది, మిగిలినవన్నీ పెళ్లిళ్లకు పోయాయి. ఆయన ముందు ఇరానీ చాయ్ తెప్పించాడు. అది తాగితే మా ఊరి టీ పాలల్లో ఆకు చూపించి తీసేసినట్టు అనిపించింది. చాయ్ అయ్యాకే బేరం.

నేను బేరం కంటే ముందు మల్లేశ్‌ను అడిగి, కారులో ఫోన్ అంటించే అయస్కాంతం ఊడదీసి తెప్పించాను. డేగ్‌కు పెట్టాను. జారి కింద పడింది. ఇంకోచోట పెట్టాను. అక్కడా జారింది.

ఖాదర్ భాయ్ చాయ్ కప్పు కింద పెట్టాడు. "ఏమమ్మా, నలభై ఏండ్ల నుంచి వండుతున్నం. ఎవ్వరూ మా డేగ్‌కు ఇమ్తెహాన్ పెట్టలే."

"కోపం తెచ్చుకోకండి భాయ్. ఫిల్మ్‌నగర్ నుంచి వస్తున్నాం."

ఆయన పగలబడి నవ్వాడు. "అట్లనా! అయితే లోపల గూడ పెట్టి చూస్కోండ్రి. మొన్ననే కలాయి చేయించిన, అద్దం లెక్క ఉంటది."

లోపల నా ముఖం కనబడింది. కానీ రంగు కాయడానికని చెప్పేసరికి ఆయన చెయ్యి అడ్డం పెట్టాడు. "తౌబా! ఎల్లుండి వలీమా, పెండ్లి దావత్ ఉంది. బిర్యానీ ఎర్రగ వస్తే పెండ్లికొడుకు తండ్రి నన్నే దమ్ పెడతడు."

చెక్క రంగే, మందు కాదు, కేరళలో మంచినీళ్లలా తాగుతారు అని చెప్పాను. ఆయన గడ్డం గోక్కున్నాడు. "గా కేరళ హోటల్ల గిలాసల పోస్తరు, గులాబీ నీళ్లు, గదా?"

"అదే భాయ్."

"అరె, నేను రంగు కలిపి మోసం చేస్తున్నరని గొడవ పెట్టుకున్న వాళ్లతో!"

నేను తాగిన, సావలే, అని మల్లేశ్ సాక్ష్యం చెప్పాడు. ఖాదర్ భాయ్ కిరాయి మామూలుదే తీసుకున్నాడు. రేపు పొద్దుగూకే వేళ మగ్రిబ్ నమాజ్ లోపల డేగ్ దుకాణంలో ఉండాలన్నాడు. ఇంకో షరతు పెట్టాడు. డేగ్ చెవికి దిష్టి తగలకుండా ఎర్ర గుడ్డ పేలిక కడతారు. బజారు పేలికలు ఆవిరికి రంగు కారి తెల్లబడుతున్నాయట. "మీ ఎరుపు అంత అసల్‌ది అయితే ఒక పేలిక నా డేగ్‌కు కట్టి పంపండ్రి. సూద్దాం."

పెడన వాళ్ల ఎరుపుకు పరీక్ష అన్నాక నేను వెనక్కి తగ్గుతానా? నాలుగు పేలికలు పంపిస్తానన్నాను.

ఎరుపు

డేగ్‌ను ఆ సాయంత్రమే ఏసురత్నం, మల్లేశ్ కలిసి తోమారు. నలభై ఏళ్ల నెయ్యి. బూడిదతో ఒకసారి, చింతపండుతో ఒకసారి, ఆపైన చింతపండు పులుపు పోయేదాకా ఉత్త నీళ్లతో నాలుగుసార్లు. పులుపు మిగిలితే ఎరుపు పసుపులోకి తిరుగుతుంది. నా భయానికని తెప్పించిన క్యాన్లు రెండు తోమడానికే అయిపోతే, ప్రసూన అడక్కుండానే ఇంకో నాలుగు తెప్పించింది. నాగభూషణం గారు వచ్చి డేగ్ చుట్టూ తిరిగి, "మరీ కొత్తగా మెరుస్తోంది, నిజంది కాదనుకుంటారు. కొంచెం చిలుము వేయనా?" అన్నాడు. బయటి అంచుకు మాత్రం, లోపలికి చుక్క పడకుండా, రెండు వేళ్ల వెడల్పు ఒప్పుకున్నాను.

పొద్దున షాట్ రెడీ అన్నారు. నేను పోయలేదు. కషాయం క్యాంటీన్ గిన్నెల్లోనే మూత పెట్టి, మంట మీద ఉంచి, వాటి ముందు కుర్చీ వేసుకుని కూర్చున్నాను.

"రెడీ అమ్మా," అన్నాడు సహాయకుడు మళ్లీ.

"నిన్న కూడా రెడీయే బాబూ. ఆ అమ్మాయి వచ్చి గుడ్డ చేత్తో పట్టుకున్నాక చెప్పు."

దర్శకుడు విని నవ్వాడు. ఆ అమ్మాయి వచ్చింది, గుడ్డ పట్టుకుంది. అప్పుడు పోశాం. ఆవిరి లేచింది. నేను తల వంచి లోపలికి చూశాను. కొత్త కలాయి తెలుపు మీద ఆ కషాయం ఎలా ఉందో చెప్పడానికి నాకు వేరే పోలిక లేదు, మా మామగారు బతికుంటే చెప్పులు విడిచి చూసేవారు.

ఒక చిక్కు వచ్చింది. తడిసిన ఇరవై నాలుగు మీటర్లు ఆ పిల్ల చేతులకు బరువు. నిన్న ఎలాగో ఎత్తింది గానీ మణికట్టు వాచిపోయింది. దర్శకుడు చుట్టూ చూశాడు. ఏసురత్నం ముప్పై ఏళ్లుగా గంగాళంలో ముంచి తీసిన చేతులు కనబడ్డాయి, మోచేతుల దాకా చర్మం గోధుమ ఎరుపుకు తిరిగిన చేతులు. "మీరు ఎత్తండి. ముఖం రాదు, చేతులే," అన్నాడు. కథలో ఆ అమ్మాయి తండ్రి చేతులట.

"నా ముఖం రాకపోతే సినిమాకే నష్టం," అని గొణుక్కుంటూ మా మరిది చొక్కా చేతులు పైకి మడిచాడు.

ముంచాడు. తిప్పాడు. నేను లోపల అంకెలు పెట్టుకుంటున్నాను, తల ఊపాను. ఎత్తాడు.

ఎరుపు. సాయంకాలం ఎరుపు కాదు, ఇటుక ఎరుపు కాదు. కోసిన మరుక్షణం దానిమ్మ. గుడ్డ పైకి వచ్చేకొద్దీ గాలి తగిలి ఇంకో రవ్వ ముదిరింది. పైన దీపాలు పట్టుకుని వేలాడుతున్న కుర్రాడెవరో "అబ్బా!" అన్నాడు. శబ్దం వచ్చినందుకు తిట్టాల్సిన సౌండు ఆయన తిట్టలేదు. ప్రసూన నా భుజం పట్టుకుంది, పట్టు ఎంత గట్టిదంటే మర్నాడు కూడా నొప్పి ఉంది. నేను ఏడవలేదు. తడి గుడ్డకు రంగు ఎక్కడా మచ్చ లేకుండా పట్టిందా అని అంచు నుంచి అంచుకు చూసుకుంటున్నాను. ఎక్కడా లేదు.

నాగభూషణం గారు అట్టముక్క మీద ఆ రంగు కలిపి చూసుకుంటున్నాడు. అయిదు డబ్బాలు మూతలు తీశాడు. "దగ్గరికొస్తోంది గానీ రావట్లేదు," అన్నాడు, మొదటిసారి కొత్త పనివాడిలా. ఒక పేలిక ఇమ్మన్నాడు. ఇచ్చాను. ఆయన రాగి రంగూ చిలుమూ వేసిన రేకు ముక్క ఒకటి నేను అడిగి తెచ్చుకున్నాను. ఇప్పటికీ మా షెడ్డుకు వచ్చినవాళ్లకు చూపిస్తే రాగి అంటారు.

నేరేడు గుడ్డను ప్రసూన తీసుకుంది, కథలో ముసలి జమీందారు పాడె మీద కప్పుతారట. నా లెక్కలో అది పోయినట్టే. మధ్యాహ్నం సెట్టు విప్పే ముందు గుమ్మడికాయ కొట్టారు. డేగ్‌ను మగ్రిబ్‌కు గంట ముందే చేర్చాం. ఖాదర్ భాయ్ లోపల వేలు రాసి, వేలు నాకి, తల ఊపాడు. చెవికి మా పేలిక కట్టుకున్నాడు. మూడు నెలల తర్వాత మల్లేశ్ ఫోన్ చేసి చెప్పాడు, ఎన్ని పెళ్లిళ్ల ఆవిరి తగిలినా అది తెల్లబడలేదని, కొంచెం గులాబీకి తిరిగిందని. ఆ మాట కూడా దాచకుండా రాస్తున్నాను. చెక్క ఎరుపు ఎండకూ ఆవిరికీ కొంత తగ్గుతుంది. తగ్గినా పోదు.

ఇంటికొచ్చాక

పోయిన నెల సినిమా వచ్చింది. షెడ్డు మూసి అందరం వెళ్లాం. ఆ షాటు తెర మీద ఎంతసేపుందంటే, ఒక గుక్క నీళ్లు తాగేంత. కానీ మా మరిది మోచేతులు హాలు గోడంత. ఏసురత్నం తన చేతులకు తనే ఈల వేశాడు. వెనక వరసలో ఎవరో, "ఆ రంగు కంప్యూటర్‌లో వేసిందిరా," అన్నాడు. మా తోడికోడలు లేచి నిలబడి వెనక్కి తిరిగింది. ఆ తర్వాత పది నిమిషాల సినిమా ఆ వరసలో వాళ్లెవరూ చూడలేదు.

ఇక మొక్కలు. పతంగి కాయలు గట్టివి. గింజను వేడినీళ్లలో నానబెడితే గానీ మొలక రాదు. కొన్ని మేకలు తిన్నాయి, కొన్ని వాన నీళ్లు నిలిచి కుళ్లాయి. వేసినవి నలభైకి పైనే. మామగారి గీత దాటినవి ఇవాళ్టికి పద్నాలుగు.

జూబ్లీ హిల్స్‌లో ఒకటుంది. మేం తిరిగొచ్చేటప్పుడు గోతాం అడుగున చెక్కతో పాటు వచ్చిన గింజలు గుప్పెడు మల్లేశ్ అడిగి తీసుకున్నాడు. ఆఫీసు గేటు పక్కన, డ్రైవర్ల కుర్చీల వెనక పెడితే ఒకటి బతికింది. కాపలాదారు నీళ్లు పోస్తాడట. ముళ్లున్నాయి కాబట్టి కుక్కలు దాని జోలికి పోవట. మొన్న మల్లేశ్ దాని పక్కన నిలబడి ఫోటో పంపాడు. మొక్క చివర అతని మోకాలికి పైన ఉంది. "అక్కా, దాటింది. లెక్కల కలుపుకో."

మల్లేశ్ పొట్టి మనిషి. షెడ్డు గుంజ మీద గీత నేల నుంచి ఇరవై అంగుళాలు. టేపు పెట్టి చెప్పమన్నాను. పెట్టాడు. పద్దెనిమిదిన్నర.

"ఒకటిన్నర అంగుళానికి గట్ల జేస్తవా అక్కా? కలుపుకో జర."

"వానాకాలం వెళ్లాక మళ్లీ కొలువు తమ్ముడూ."

కాబట్టి ఇది రాస్తున్న రోజుకు లెక్క ఇది. పెంచాల్సినవి ఇరవై ఒకటి. గీత దాటినవి పద్నాలుగు. ఇంకా ఏడు మొక్కలు బాకీ.